అన్నవరం క్యాసెట్టు

వెయ్యొద్దంటే వెయ్యొద్దు బాబాయిగారూ! రేపు సభలో ఇంకేదైనా వేసుకోండి. అత్తిలిది వేస్తారో, తణుకుది వేస్తారో, కొవ్వూరులో వాన పడి సగంలో ఆగిపోయిందే, పోనీ అదైనా వెయ్యండి. అన్నవరం క్యాసెట్టు మాత్రం వెయ్యడానికి వీల్లేదు.

అలా చూస్తారేంటండి? చెప్పడానికి నేనెవర్ననేనా? అవునండి, నేనెవర్ని? ఫ్యాన్సీ షాపు గోపాలకృష్ణమూర్తి గారి అమ్మాయి మీనాకుమారిని. జీవరాజు గారికి చుట్టాన్ని కాను. ఆర్కెస్ట్రాలో గిలక్కాయ ఆడించినదాన్ని కూడా కాను. ఎదర కూచుని విన్నదాన్ని. ఏడేళ్ళు విన్నాను. ఈ నిడదవోలు చుట్టుపక్కల ఆయన పాడిన ప్రతి పందిట్లోనూ, ఆడవాళ్ళ వైపు, తాడుకి ఇవతల నేనున్నాను. వినేవాళ్ళకి హక్కుండదా? మేం రాకపోతే మీ మైకుసెట్టు ఎవరికండీ, కాకులకా?

కాసేపు ఆ టంకం పెట్టడం ఆపకూడదూ? పొగకి కళ్ళు మండుతున్నాయి. సరే, ఆపొద్దులెండి. చేతిలో పనుంటే మీరు కోప్పడరు. నేను టైలరు దగ్గరికని చెప్పి వచ్చేను. నాన్న భోజనం చేసి లేచేలోపు వెళ్ళిపోవాలి.

అసలు నాకు మొదట్నుంచీ అనుమానమేనండి. రేపటి సభ జీవరాజు గారి పుట్టినరోజని పేరే గానీ, అదంతా ఆ పల్లంరాజు కోసం. గోడ మీద వాల్‌పోస్టరు చూసేరా? జీవరాజు గారి ఫోటో అగ్గిపెట్టంత. పల్లంరాజుది పళ్ళెమంత. కింద 'జీవరాజు గాన వారసుడు' అని ఎర్ర అక్షరాలు. ఎవరిచ్చేరండీ ఆ వారసత్వం? వీలునామా రాసేరా ఆయన? ఇదంతా మీ అనౌన్సరు కుక్కుటేశ్వరరావు గారి పనేనని నాకు తెలుసు. ఆయనకి మైకు అందితే చాలు, ఎవర్ని పడితే వాళ్ళని కోకిలని చేసేస్తారు.

జీవరాజు గారు మాఘంలో పోయేరు, ఇప్పుడు శ్రావణం. అంతేగా? స్టేషను దగ్గర సోడా కొట్లో జీవరాజు గారి ఫోటో ఉండేదా, దానికో ప్లాస్టిక్ దండ. మొన్న చూస్తే అక్కడ పల్లంరాజు ఫోటో! మేకు అదే, దండా అదే! "ఏమయ్యా, బతికున్న కుర్రాడికి పోయినాయన దండేస్తావా?" అన్నాను. "ఆయ్, దండ బానే ఉంది కదండీ, పారెయ్యడం దేనికండి?" అన్నాడు. ఏం చెప్పమంటారు? ఇదీ మన ఊరి అభిమానం!

పల్లంరాజు పాడలేడని నేననను. కడియం నర్సరీల్లో లారీలకి మొక్కలెత్తుతూ పాడుకునేవాడట కదా, గొంతులో కండ ఉంది. అబద్ధం ఎందుకు చెప్పాలి? అయితే రెండు వారాల కిందట కడియంలో విన్నానండి వాణ్ణి. మా పిన్నిని వెంటబెట్టుకుని మరీ వెళ్ళేను. లాంచీ పాట పాడేడు.

లాంచీ పాట! సినిమా పాటలు ఎవరైనా పాడతారు, ఏ ఊళ్ళోనైనా పాడతారు. ఇది మనది. హైస్కూలు తెలుగు మేష్టారు రాసిచ్చేరు, జీవరాజు గారు బాణీ కట్టుకున్నారు. ఆఖరి లాంచీ వెళ్ళిపోయేక రేవులో మిగిలిపోయినవాడి పాట. అది ఇంకొకడు పాడితే మన పెరట్లో చెట్టు ఎవరో వచ్చి దులుపుకుపోయినట్టుండదూ?

సరే, పాడేడు. పల్లవి అయింది, మొదటి చరణం అయింది. రెండో చరణంలో పై షడ్జమం అందుకునే చోట... గొంతు చీలింది. సరిగ్గా అక్కడే! అన్నవరంలో జీవరాజు గారికి చీలిందే, అక్కడే, అంతే, అదే జీర! పిన్నితో అన్నాను, "ఇది వాడి గొంతు కాదు. మన మైకుసెట్టు గున్నేశ్వరరావు గారు లోపల టేపు వేసేరు. వీడు పెదాలాడిస్తున్నాడు" అని.

నవ్వుతారేంటండి? ప్రతి ప్రోగ్రాముకీ ఆంప్లిఫయరు పక్కన టేప్ రికార్డరు పెట్టి పట్టేది మీరే కదా? పోయినాయన గొంతు ఈ ఊళ్ళో ఎవరి దగ్గరైనా ఉంటే మీ బీరువాలోనే ఉంది. అనుమానం మీ మీదకి రాక ఎవరి మీదకి వస్తుంది?

అవును. కరెంటు పోయింది. నేనూ ఉన్నాను కదా, చూసేను. మూడో చరణంలో కరెంటు పోతే మైకు లేకుండా, వెనక ఉన్నవాళ్ళకి కూడా వినపడేలా పాడేశాడు. దీపం వచ్చేదాకా ఆపలేదు. టేపు కాదు. ఒప్పుకుంటున్నాను కదా! ఒప్పుకున్నాక కూడా అలా పళ్ళికిలిస్తే ఎలాగండీ?

మరి ఆ జీర వాడికెక్కడిది?

ఇక్కడికొచ్చి విన్నాడా! ఈ స్టూలు మీదే కూచునా? ఎన్నిసార్లు? లెక్కలేదా? చూసేరా, నా అనుమానం వట్టిదేం కాదు. మొత్తానికి ఆ క్యాసెట్టే కారణం. ఆ కుర్రాడు దాన్ని వొంపు అనుకున్నాడు. గమకం అనుకున్నాడు. పాపం, అక్షరం అక్షరం నేర్చుకున్నాడు. అది గమకం కాదు బాబాయిగారూ. అది నొప్పి. అక్కడ జీవరాజు గారి గొంతు తెగింది. వీడు దాన్ని వారానికి రెండు ఊళ్ళలో పాడి ఈలలు వేయించుకుంటున్నాడు. రేపు మళ్ళీ ఆ క్యాసెట్టు వినిపిస్తే ఊళ్ళో ఉన్న ప్రతి కుర్రాడూ గొంతు చింపుకోవడం మొదలెడతాడు. అందుకే వెయ్యొద్దంటున్నాను. అదీ కారణం.

అదొక్కటే కారణం.

ఏంటలా చూస్తారు?

నొప్పని నాకెలా తెలుసు అంటారా? వినే చెవి ఉంటే తెలీదా? పదో తరగతితో చదువు మాన్పించేశారు నన్ను. మిగతాదంతా లైబ్రరీలోనూ, రేడియో ముందూ, మీ మైకుల కిందా నేర్చుకున్నదే. శ్రుతి అంటే ఇదీ అని నాకెవరూ చెప్పలేదు. జీవరాజు గారు పాడుతుంటే ఇక్కడేదో మెలి తిరిగిందే, దానికి పేరేంటబ్బా అని వెతుక్కుని వెతుక్కుని తెలుసుకున్నాను. ఏ ఊళ్ళో ఏ పాట ఎలా పాడేరో నోటుబుక్కులో రాసుకునేదాన్ని. మీ క్యాసెట్ల మీద తారీకులు తప్పితే నా పుస్తకం చూసి దిద్దుకోండి, అంత సరిగ్గా ఉంటుంది.

అందుకే ఆ ఆశ్వయుజ మాసంలో లాంచీ పాట మానేశారని అందరికంటే ముందు నాకే తెలిసింది. మూడు ప్రోగ్రాములు వరసగా పాడలేదు. ఆ పాటే కావాలని జనం చీటీలు పంపినా పాడలేదు. ఎందుకు పాడరు? నాకు నిద్ర పట్టేది కాదండి. ఒకనాడు స్టేషను బ్రిడ్జి మీద నుంచి వస్తుంటే కింద ఆయన కనపడ్డారు. చేతిలో చిన్న పెట్టె. మెడకి మఫ్లరు. ఆ ఎండలో మఫ్లరు! అబ్బో అనుకున్నాను. గొంతు దాచుకుంటున్నారు, స్టారైపోయేరు. అప్పటికే కుక్కుటేశ్వరరావు గారు ఊరంతా చెబుతున్నారు కదా, మద్రాసు నుంచి ఎవరో పిలిచేరట, సినిమాలో పాడిస్తారట అని. సరిపోయింది లెక్క! మద్రాసు పోతున్నారు. మన పాట మోటుగా కనపడుతోంది కాబోలు ఇప్పుడు!

ఇంటికొచ్చి అన్నం కూడా తినలేదు నేను.

నేను ఈ స్టేషను వీధిలో పుట్టేనండి. మద్రాసు బండి ఎటు ఆగుతుందో, వైజాగు బండి ఎటు ఆగుతుందో కళ్ళు మూసుకుని చెబుతాను. ఆయన నిలబడింది వైజాగు వైపు. వైజాగులో గొంతు డాక్టరు దగ్గరికి వెళ్తున్నారు. ఆ సంగతి తర్వాత తెలిసింది అంటాను అందరితోనూ. ఏ ప్లాట్‌ఫారమో ఆ రోజే చూసేను. చూసి కూడా మద్రాసే అనుకున్నాను. కోపం అలాగైతేనే నిలబడుతుంది కదా మరి!

అక్కర్లేదు, మంచినీళ్ళు వద్దు. నేనేం ఏడవడంలేదు, పొగ.

ఇదిగో, ఒక మాట చెబుతాను, మధ్యేమార్గం. క్యాసెట్టు వేసుకోండి. పాట మాత్రం వెయ్యండి. పాట ముందు కుక్కుటేశ్వరరావు గారు చీటీలు చదివే ముక్క ఉంది చూసేరా, అది తీసెయ్యండి. చిటికెలో పని కదా మీకు? ఎవరికి కావాలండి ఆ చీటీల గోల? ఈ పాట కోరినవారు ఫలానా ఊరి ఫలానావారు, ఫలానా వీధి ఫలానావారు... పోయిన మనిషి సభలో ఆ పేర్లన్నీ దేనికి?

ఎందుకంటే... సత్యలక్ష్మి గారు ముందు వరసలో కూచుంటారు కదండీ రేపు. భార్య. ఆవిడ వినాలా అదంతా? ఆ ఎగతాళి చీటీ వినాలా?

ఏ ఎగతాళి చీటీయా? మీకు తెలీదా ఏంటి? మీరే కదా ఆంప్లిఫయరు దగ్గరున్నారు. కార్తీకమాసం, కొండ కింద పందిరి, వ్రతాలు చేసుకుని దిగినవాళ్ళంతా విస్తరాకు పొట్లాల్లో ప్రసాదం పట్టుకుని అక్కడే చేరేరు. ఇసకేస్తే రాలనంత జనం. జీవరాజు గారు రెండు పాటలు పాడి వెనక్కెళ్ళి కూచున్నారు. ఫ్లాస్కులోంచి వేణ్ణీళ్ళు తాగుతున్నారు. లాంచీ పాటకి చీటీలొస్తున్నాయి. కుక్కుటేశ్వరరావు గారు ఆయన వంక చూడ్డం, ఆయన తల అడ్డంగా తిప్పడం. రెండుసార్లు తిప్పేరు. నేను లెక్కపెట్టేను.

ఐదు చీటీలొస్తే పాట పాడి తీరాలన్నది మీ ఆర్కెస్ట్రా రూలే కదా? ఏడొచ్చేయి. అత్తిలి నుంచి చిన్నమ్మాయి. పెంటపాడు నుంచి రాజరాజేశ్వరి. తాడేపల్లిగూడెం నుంచి సీతారామలక్ష్మి, ఇంకా ఎవరో. ఏడో దాని మీద పేరు లేదు. కుక్కుటేశ్వరరావు గారికి అది చదవగానే ముఖం ఇంతైంది. గొంతు సవరించుకుని, నాటకంలో రాజు వేషం వేసినవాడిలా చదివేరు: "మద్రాసు బండెక్కేవారికి మా లాంచీ పాట గుర్తుందా? రేవులోనే వదిలేశారా? ఇట్లు, ఒక పాత అభిమాని, నిడదవోలు!"

జనం ఈలలు. చప్పట్లు. ఒకటే గోల. ఆయన ఫ్లాస్కు మూత పెట్టి లేచేరు. మఫ్లరు తీసి కుర్చీ మీద వేసేరు. వచ్చి పాడేరు. వన్స్ మోర్ అన్నారు, మళ్ళీ పాడేరు. మూడోసారి కూడా పాడేరు. ఆ తర్వాత ఆయన నోట్లోంచి పాటన్నది రాలేదు.

వైజాగు డాక్టరు అన్నారట, గొంతులో ఆ పుండు ఏడాది నుంచీ ఉంది, పాడినా పాడకపోయినా ఇంతే అయ్యేదని. ఆ మాట అమ్మ చెప్పిన్నాడు కాస్త అన్నం తినగలిగేను. రెండు రోజులకి మళ్ళీ అనుమానం. పోయినవాళ్ళ ఇంట్లో డాక్టర్లు అలాగే చెబుతారు కదండీ? నిజం చెప్పి ఏం బావుకుంటారు?

ఇంక మీరు ఆ కమ్మీ కింద పెట్టండి బాబాయిగారూ. నా వంక చూడండి.

ఆ చీటీ నేనే రాసేను.

ఒకటి కాదు, ఏడూ నేనే. అత్తిలి చిన్నమ్మాయి మా కొట్లో గాజులు కొనే మనిషి, రాజరాజేశ్వరి నాతో చదువుకున్న పిల్ల. వాళ్ళెవరూ ఆ రోజు అన్నవరంలో లేనే లేరు. నా పేరుతో పంపితే కుక్కుటేశ్వరరావు గారు కావాలని పక్కన పడేస్తున్నారని అనుమానం నాకు. అందుకని చేతిరాత మార్చి మార్చి రాసేను. ఒకటి ఎడమచేత్తో. ఏడోది మాత్రం నా రాతలోనే రాసేను. కోపంలో మార్చడం మర్చిపోయేను.

...మీరేం ఆశ్చర్యపోవడంలేదేంటండి?

తెలుసా? మీకు తెలుసా! ఎప్పట్నుంచి?

అవున్లెండి. ఆడవాళ్ళ వైపు కుర్రాళ్ళు రాకూడదని చీటీల పళ్ళెం పట్టుకుని పెద్దమనిషిగా మీరే కదా తిరిగేవారు. ఏడుసార్లు నా దగ్గరే పళ్ళెం ఆగింది కదా! ఎంత తెలివైనదాన్నో నేను! ఊరందరినీ అనుమానించేను గానీ, నా ఎదర పళ్ళెం పట్టుకు నిలబడ్డ మనిషికి కళ్ళుంటాయని అనుకోలేదు.

తొమ్మిది నెలలు ఎవరితోనూ అన్లేదా మీరు? ఒక్కరితో కూడానా?

ఒకరితో చెప్పేరా? ఎవరితో?

సత్యలక్ష్మి గారితోనా?! ఏంటండీ ఇది! ఎంత పని చేసేరు! ఆవిడే అడిగితే మాత్రం? ఉగాది వెళ్ళేకనా? ఇక్కడికొచ్చి, ఈ క్యాసెట్టు వేయించుకుని విని, ఆ ముక్క దగ్గర ఆపమని, ఎవరిది అనడిగితే... చెప్పేశారు. ఆవిడకి అబద్ధం చెప్పలేకపోయేను అంటారు. బావుంది.

ఉండండి. ఉగాది తర్వాత అంటే... ఆవిడ మా కొట్టుకి వస్తూనే ఉన్నారే! వారం వారం. పిల్లకి రిబ్బన్లు, తనకి దారం ఉండలు. పోయిన సోమవారం కూడా వచ్చేరు. నీలం రిబ్బను తక్కువ రకం ఇస్తే, "ఇది కాదమ్మా మీనా, పోయినసారిచ్చిందే ఇవ్వు" అన్నారు. అమ్మా మీనా! తెలిసీ అన్నారా ఆ మాట?

క్షమించేశారంటారా? మీరు అలాగే అంటారు, మంచివారు. నాకు నమ్మకం లేదు. క్షమించినవాళ్ళు మొహంలోకి చూస్తారు. ఆవిడ రిబ్బను మీంచి కళ్ళెత్తలేదు. లేకపోతే ఊళ్ళో మూడు ఫ్యాన్సీ షాపులుండగా మాకే ఎందుకు రావాలి? నన్ను చూసుకుందుకే వస్తున్నారు. చెబుతానేమోనని. ఎన్నాళ్ళకి చెబుతానో చూద్దామని. కాదంటారా? మరి రేపు సభలో ఆ క్యాసెట్టే వెయ్యమని అడిగింది ఎవరు? కుక్కుటేశ్వరరావు గారు కాదు కదా?

ఆవిడేనా?

అనుకున్నాను.

చీటీల ముక్కతో సహానా?

...ఆయన మాట అందులో ఉందంటారా? ఏ మాట? నాకు తెలీదే. ఈలల్లో నాకు వినపడలేదు. లేచి వస్తూ మైకు దగ్గర అన్నారా? "రాసిన తల్లికి దండం, పాట మర్చిపోతాననుకుంది చూడండి" అని నవ్వేరా? అది వినడానికి ఆవిడ ఆ ముక్క కావాలన్నారా? మీరు కల్పించి చెప్పడంలేదు కదా నా ఏడుపు చూడలేక?

వద్దు, వద్దు! ఇప్పుడు వెయ్యకండి. బీరువా తెరవకండి. నేను వినను.

ఇంకొకటి చెప్పేసి వెళ్ళిపోతాను. ఇందాకటిదాకా, ఆవిడకి తెలిసిపోతుందన్న భయంతోనే వచ్చేనని నేనూ అనుకున్నాను. ఆవిడకి తెలుసని మీరు చెప్పేక కూడా ఆ క్యాసెట్టు వద్దనే ఉంది నాకు. ఎందుకని ఆలోచిస్తే ఇప్పుడు తెలుస్తోంది.

ఆ పాట ఆ రోజు పాడినట్టు ఆయన ఏడేళ్ళలో ఎప్పుడూ పాడలేదండి. ఎప్పుడూ! గొంతు తెగిన చోట ఆయన ఆగలేదు, ఆ తెగినదాన్నే పట్టుకుని పైకి వెళ్ళేరు. పందిరి పందిరంతా ప్రసాదం పొట్లం విప్పడం మానేసి కూచుంది. నేను రాయకపోతే ఆ పాట లేదు. ఆయన ఆ నెలంతా ఆ పాట జోలికి పోకుండా, వేణ్ణీళ్ళు తాగుతూ గడిపేవారు, ఇంకో నెల ఎక్కువ బతికేవారేమో కూడా. ఆ పాట మాత్రం పుట్టేది కాదు. రాసినందుకు ఏడుస్తాను. ఒట్టు, రోజూ ఏడుస్తాను. కానీ రాయకుండా ఉండాల్సింది అని ఒక్కరోజు కూడా అనుకోలేదు బాబాయిగారూ. అనుకుందామని కూచున్నా రాదు.

రేపు రెండో చరణం వచ్చేసరికి నా మొహం వెలిగిపోతుంది. ఆపుకోవడం నా చేతిలో లేదు. అప్పుడు ఆవిడ వెనక్కి తిరిగి చూస్తే? చీటీ రాసినందుకు ఆవిడ క్షమించేరేమో, మీరన్నట్టు. దీనికెవరు క్షమిస్తారు?

వేసేస్తారా అయితే?

సరే, వెయ్యండి. ఆవిడడిగేక మీరు మాత్రం ఏం చేస్తారు? పల్లంరాజుతో మాత్రం చెప్పండి, అక్కడ గొంతు చింపుకోవద్దని, మామూలుగా పాడుకోమని. వినడులెండి. జనం ఈల వేస్తుంటే ఎవడు వింటాడు?

నా కోసం ఆడవాళ్ళ వైపు వెతక్కండి రేపు. పందిరి బయట, చెప్పులు విడిచే చోట నిలబడి వింటాను. అక్కడికీ బానే వినపడుతుంది, మీ మైకులు మంచివే.